కందెన వేయరాని చోటు

(సంఘ వార్షికోత్సవమున డెహ్రాడూన్‌లో సభ్యుల యెదుటను, వారి కుటుంబముల యెదుటను గావించిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో ప్రసంగమనగానే సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో నాలుగు మంచి మాటలు వినవచ్చునని మీరు వచ్చియుందురు. నాకు ముందు మాటలాడిన పెద్దలు ఆ కోరిక తీర్చినారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, “మీకు తెలిసిన పనికివచ్చు విషయమేదైనను చెప్పుడు, ఇరువది నిమిషములు మించవలదు” అని ఆజ్ఞాపించినారు. నాకు బాగుగా తెలిసినదియు, తెలిసికొనుటకు మిక్కిలి వెల చెల్లించినదియు నగు విషయ మొక్కటే కలదు. అది సైకిలు బ్రేకు.

నవ్వవలదని మనవి. మన క్వార్టర్సులలో మెట్ల క్రింద వరుసగా నిలిపియున్న సైకిళ్ళను వచ్చునపుడు మీరు చూచియే యుందురు. లావుపాటి టైర్లు, ముందు స్ప్రింగుల ఫోర్కు, చక్రము నడుమ మెరయు పలుచని ఉక్కు బిళ్ళ. మౌంటెన్ బైకులని పిల్లలు పిలుచు సైకిళ్ళే వానిలో పెక్కు. ఆ ఉక్కు బిళ్ళయే డిస్కు. అది రాచుకొని చప్పుడు చేసినపుడు ఏమి చేయవలయునో, అంతకన్న ముఖ్యముగా ఏమి చేయగూడదో చెప్పుటయే నా యుద్దేశము.

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతము” అని మన సామెత. నేను పుట్టినది పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక పల్లె. మా తాతగారి యెడ్లబండి క్రింద ఒక వెదురుగొట్టము వ్రేలాడుచుండెడిది. అందులో ఆముదమున గడ్డిమసి కలిపిన కందెన యుండెడిది. ఇరుసు కీచుమన్నచో తాతగారు బండి నాపి, కడచీల తీసి, చక్రమును కొంచెము వెలుపలికి జరిపి కందెన పూసెడివారు. కీచుమనుట మానెడిది. చప్పుడునకు మందు నూనె యను మాట ఆ వయసుననే నా మనసులో నాటుకొన్నది. తలుపు బందునకు, కుట్టుమిషనుకు, పంపు పిడికి ఆ వైద్యము నేనే చేయుచుంటిని. ఎచ్చటను అది వికటింపలేదు.

మూడేండ్ల క్రిందట, మా అమ్మాయి పదునొకండవ తరగతి చదువుచున్న దినములలో, ఆమె సైకిలు ముందు చక్రమునకు పంక్చరైనది. తానే చక్రము విప్పి, అతుకు వేసి, మరల బిగించినది. ఆ సాయంకాలమునుండి చక్రము తిరిగినంతసేపు డిస్కువద్ద “సర్‌ర్... సర్‌ర్” అని సన్నని రాపిడి. “నాన్నా, ఏదో రాసుకుంటోంది, చూస్తారా?” అని అడిగినది. నేను చూడలేదు, విన్నాను. కుట్టుమిషను నూనె సీసా తెచ్చి, డిస్కునకు ఇరుప్రక్కల నాలుగేసి బొట్లు వేసి, చక్రమును గిరగిర త్రిప్పితిని. చప్పుడు పోయినది. “మీకన్నీ వచ్చు నాన్నా!” అని పిల్ల సంతోషించినది. నేనును సంతోషించితిని.

మరునాడు ఆదివారము. స్నేహితురాండ్రతో రాజ్‌పూర్ దాక ఎక్కి, తిరిగి నగరము వైపు దిగుచున్నది. ఆ రోడ్డు దిగుడు మీ అందరికిని తెలిసినదే. ఒక మలుపున ప్రక్క వీథి నుండి బండి యొకటి అడ్డము వచ్చినది. పిల్ల రెండు బ్రేకులును నొక్కినది. ముందు బ్రేకు పట్టలేదు. వెనుక చక్రము జారినది. రోడ్డు ప్రక్క రాళ్ళపై పడి ఎడమ మణికట్టు విరిగినది. తలపై హెల్మెట్ ఉండుటచేత అంతటితో తప్పినది. ఆరు వారములు పట్టీ.

ఆసుపత్రిలో ఆమె నాతో అన్న మాట యిది: “గట్టిగానే నొక్కాను నాన్నా. నేనే ఏదో తప్పు చేసి ఉంటాను.” చక్రము తాను సరిగా బిగింపలేదేమో యని ఆమె బాధ. బ్రేకు ఎందుకు పట్టలేదో నాకు ఆ క్షణముననే తెలిసినది. అయినను ఆమెతో చెప్పుటకు నాకు రెండు దినములు పట్టినది. ఆ రెండు దినములు ఆ పిల్ల తప్పు తనదే యనుకొని పడుకొన్నది. విరిగిన యెముక అతికినది. ఆ రెండు దినముల మాట తలచుకొన్నపుడు నాకు ఇప్పటికిని సిగ్గుగనే యుండును. ఈ ప్రసంగమునకు ఒప్పుకొనుటకు కారణము అదియే.

తరువాత సైకిలును బజారులోని యొక వృద్ధ మెకానిక్కు వద్దకు తీసికొనిపోతిని. ఆయన డిస్కుపై వ్రేలు రాచి, వాసన చూచి, “నూనె పోసినవాడెవడు?” అని హిందీలో అడిగినాడు. నేనంటిని. ఆయన మరేమియు అనలేదు. సైకిలును నేలపై నిలువుగా నిలిపి, ముందు చక్రపు బిగింపు లీవరు వదులు చేసి, హ్యాండిలుపై రెండు చేతులతో అదిమి, మరల బిగించినాడు. చక్రము ఎత్తి త్రిప్పినాడు. రాపిడి లేదు. ఇరుసు ఒక ప్రక్క గూటిలో పూర్తిగా కూర్చుండలేదు, అంతే. పది సెకనుల పని. ఆ పది సెకనుల పనికి నేను నూనె పోసియుంటిని.

అయ్యా, నాటి నుండి నేనీ విద్యను శ్రద్ధగా నేర్చితిని. నేర్చినది మీ యెదుట ఉంచుచున్నాను.

ముందుగా, ఈ బ్రేకు ఎట్లు పనిచేయునో రెండు మాటలు. చక్రపు హబ్బునకు డిస్కు బిగించియుండును. ఫోర్కునకు కాలిపరు అను చిన్న లోహపు పెట్టె బిగించియుండును. డిస్కు ఆ పెట్టె నడుమ చీలికలో తిరుగుచుండును. దానికి ఇరువైపుల రెండు ప్యాడ్లు. మనము లీవరు నొక్కినపుడు ఆ ప్యాడ్లు డిస్కును బిగించి పట్టుకొనును. మోటారు వాహనములలో ఈ పద్ధతి పాతది. ఇంగ్లండులో లాంచెస్టర్ అను ఇంజనీరు 1902లోనే దీనికి పేటెంటు పొందినాడు. సైకిలునకు మాత్రము చాల ఆలస్యముగా వచ్చినది.

ఈ సైకిళ్ళ చరిత్రలోనే బ్రేకునకును కందెనకును ఒక వింత సంబంధము కలదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో, మెరిన్ కౌంటీ కొండలలో, 1976లో కొందరు యువకులు పాత బరువు సైకిళ్ళపై మట్టిదారిని క్రిందికి దిగు పందెములు పెట్టుకొన్నారు. వాని బ్రేకు వెనుక హబ్బులోనే యుండెడిది. పెడలును వెనుకకు త్రొక్కినచో పట్టెడిది. ఒక్కమారు కొండ దిగుసరికి హబ్బులోని గ్రీజు వేడికి కాలి పొగయై పోయెడిది. మరల గ్రీజు కూర్చిననే గాని సైకిలు పనికిరాదు. మరల కూర్చుట యను అర్థము వచ్చు “రీప్యాక్” అను పేరే ఆ దారికి నిలిచిపోయినది. అట్టి పందెములనుండియే నేటి మౌంటెన్ బైకు పుట్టినది. ఆ పాత బ్రేకునకు గ్రీజు ప్రాణము. నేటి డిస్కు బ్రేకునకు గ్రీజు విషము. ఒకే సైకిలు వంశమున రెండు తరముల బ్రేకులకు ఇంత భేదము.

ఎందుకు విషమనగా, బ్రేకు పని రాపిడియే. ఒక లెక్క చూడుడు. ముస్సోరీ సముద్రమట్టమునకు సుమారు 2,000 మీటర్ల ఎత్తున కలదు; మన డెహ్రాడూన్ సుమారు 650 మీటర్లు. మనిషియు సైకిలును కలిసి 75 కిలోలనుకొనుడు. అంత బరువు అంత ఎత్తునుండి దిగినపుడు విడుదలయగు శక్తి ఇంచుమించు పది లక్షల జౌళ్ళు. సుమారు మూడు లీటర్ల నీటిని మరుగు వేడికి తెచ్చుటకు అది చాలును. గాలి కొంత తీసికొన్నను, మిగిలినదంతయు అరచేతియంత డిస్కుపై, బొటనవ్రేలియంత ప్యాడ్లపై పడును. ప్యాడ్లు సన్నని రంధ్రములు గల పదార్థము, నూనెను పీల్చుకొనును. పీల్చిన తరువాత డిస్కును ఎంత తుడిచినను ప్యాడ్ల నుండి నూనె మరల దానికి అంటుచునే యుండును. చేతి వ్రేళ్ళ జిడ్డు సైతము డిస్కునకు తగులనీయరాదు.

ఇక రాపిడి సంగతి. లీవరు విడిచినపుడు ప్యాడునకును డిస్కునకును నడుమ మిగులు ఖాళీ మిల్లీమీటరులో ఒక చిన్న భాగము మాత్రమే. అంత ఇరుకులో డిస్కు తిరుగుచున్నది. కావున కొంచెము అటునిటైనను తగులును. ఎప్పుడో ఒకసారి “టింగు” మని తగులుట ప్రమాదము కాదు. ఎడతెగక రాచుకొన్నచో మాత్రము ప్యాడు అరుగును, డిస్కు వేడెక్కును, త్రొక్కువాని శ్రమ వ్యర్థమగును. అన్నిటికంటె ముఖ్యముగా, ఏదో యొకటి తన చోట లేదని ఆ చప్పుడు తెలుపుచున్నది. మన కార్యాలయములలో వచ్చిన ఫిర్యాదుపై “చూడబడినది” అని వ్రాసి దస్త్రము కట్టివేయుట కలదు గదా! నేను ఆనాడు చేసినది అదియే.

చికిత్సకు ముందు రోగనిర్ణయము. చక్రమును నేలనుండి ఎత్తి, మెల్లగా త్రిప్పి, చెవి యొగ్గి వినుడు. చప్పుడు ఎడతెగక వచ్చుచున్నచో దోషము చక్రపు కూర్చుండుటలోనో, కాలిపరు స్థానములోనో, ప్యాడ్ల కదలికలోనో యుండును. చుట్టునకు ఒక్కమారు మాత్రమే, అదే చోట వచ్చుచున్నచో డిస్కు వంకరగా నున్నది. ఎత్తి త్రిప్పినపుడు నిశ్శబ్దముగ నుండి, ఎక్కి లేచి త్రొక్కినపుడు మాత్రమే వచ్చినచో ఇరుసుగాని హబ్బులోని బేరింగులుగాని వదులైనవి. వాన బురదలో తిరిగి వచ్చిన పిదప వచ్చినచో అది ఇసుక రేణువు. శుభ్రమైన నీటితో కడిగి నాలుగుసార్లు బ్రేకు వేసినచో తరచుగా పోవును. ఒక హెచ్చరిక: తిరుగుచున్న డిస్కువద్దకు వ్రేలు పోనీయరాదు. దానిలోని కంతలు కత్తెరవంటివి. పల్లము దిగివచ్చిన వెంటనే డిస్కును ముట్టరాదు; కాలిన పెనము వంటిది.

మొదటి పని ఎల్లప్పుడును చక్రమును సరిగా కూర్చుండబెట్టుట. సైకిలును తలక్రిందులుగా కాదు, తన కాళ్ళపై తాను నిలిచినట్లు నేలపై నిలుపుడు. ఇరుసు బిగింపు వదులు చేసి, పైనుండి అదిమి, ఇరుసు రెండు గూళ్ళలోను అడుగు దాక దిగినదని చూచి బిగింపుడు. నట్లు కలదైనచో ఈ ప్రక్క కొంచెము, ఆ ప్రక్క కొంచెముగా స్పానరుతో మార్చి మార్చి బిగింపవలెను. బిగింపు లీవరు కలదైనచో, దానిని నట్టువలె గుండ్రముగా త్రిప్పి బిగించుట పొరపాటు. ఎదుటి ప్రక్క నట్టును సరిచేసికొని, లీవరును మూయునపుడు సగము దూరమున బిగువు తెలియవలెను. పూర్తిగా మూసినపుడు అరచేతిలో దాని ముద్ర పడవలెను. ముందు చక్రమునకు ఈ లీవరు డిస్కు ప్రక్కన నున్నచో మరింత జాగ్రత్త. వదులైన లీవరు డిస్కులో చిక్కుకొన్నచో చక్రము ఒక్కసారిగ ఆగి మనిషి ముందునకు పడును. ఇట్టి ప్రమాదములవలన 2015లో అమెరికాలో ఒక్క సంస్థయే సుమారు 9 లక్షల సైకిళ్ళను సరిచేయుటకై వెనుకకు పిలువవలసి వచ్చినది.

ఇదే సమయమున రిమ్మును పట్టి ప్రక్కకు అటునిటు ఊపి చూడుడు. టకటకలాడినచో హబ్బు వదులు. దానిని ముందు సరిచేయింపవలెను. డిస్కును హబ్బునకు పట్టియుంచు బోల్టులు బిగువుగ నున్నవో లేవో చూడుడు. చాల సైకిళ్ళకు అవి ఆరు. వాని తలలో నక్షత్రాకారపు గుంట యుండును. వీనిని చూడకుండ కాలిపరును సరిదిద్దుట పునాది చూడకుండ గోడకు సున్నము వేయుట వంటిది.

రెండవ పని కాలిపరును నడిమికి తెచ్చుట. దీనికి ముందు మీ బ్రేకు ఏ జాతిదో తెలిసికొనవలెను. లీవరునుండి కాలిపరు వరకు ఇనుప తీగ కనబడినచో అది తీగ బ్రేకు. తీగ లేక మూసియున్న గొట్టము మాత్రమే పోవుచున్నచో అది ద్రవపు బ్రేకు.

ద్రవపు బ్రేకునకు పద్ధతి సులభము. కాలిపరును పట్టియుంచు రెండు బోల్టులను అలెన్ కీతో ఒక చుట్టు వదులు చేయుడు. కాలిపరు ప్రక్కలకు ఆడవలెను. ఇప్పుడు లీవరును గట్టిగా నొక్కి పట్టుడు. ఇంట ఒక పిల్లవాడుండినచో ఆ పని వానికి అప్పగింపుడు. ప్యాడ్లు డిస్కును పట్టుకొని కాలిపరును తమంతట తామే నడిమికి లాగుకొనును. లీవరు విడువకుండ రెండు బోల్టులను మార్చి మార్చి కొంచెము కొంచెముగా బిగింపుడు. ఒకటే మొదట పూర్తిగా బిగించినచో కాలిపరు దానితోపాటు తిరిగిపోవును. చాల కాలిపరులకు ఈ బోల్టుల బిగువు 6 నుండి 8 న్యూటన్ మీటర్లు; పొట్టి కీతో మణికట్టు బలముననే ఇది వచ్చును, శరీరపు బరువు వేయనక్కరలేదు. పిదప లీవరు విడిచి చక్రము త్రిప్పుడు.

ఇంకను తగులుచున్నచో కంటితో చూచుటయే మార్గము. కాలిపరు వెనుక ఒక తెల్ల కాగితము పెట్టి, చీలికగుండ చూడుడు. డిస్కునకు రెండు ప్రక్కలను సన్నని వెలుగుగీత కనబడవలెను. ఏ ప్రక్క గీత లేదో ఆ ప్రక్క తగులుచున్నది. ఒక బోల్టు కొంచెము వదులు చేసి, కాలిపరును వెండ్రుకవాసి జరిపి బిగింపుడు. ఓపిక కావలెను. వీణ బిరడ త్రిప్పువారికి ఈ పని బాగుగ వచ్చునని నా నమ్మకము. మన సంఘమున అట్టివారు కలరు.

తీగ బ్రేకునకు కొంచెము భేదము కలదు. వానిలో చాలవరకు వెలుపలి ప్యాడు మాత్రమే కదలును. లోపలిది, అనగా చక్రము వైపున నున్నది, కదలదు. లీవరు నొక్కినపుడు వెలుపలి ప్యాడు డిస్కును కొంచెము వంచి లోపలి ప్యాడునకు అదుమును. కావున డిస్కు సరిగా నడుమ నుండుటకన్న కదలని ప్యాడునకు మిక్కిలి దగ్గరగ, తగిలీ తగులనట్లు ఉండుట మేలు. లోపలి ప్యాడునకు చక్రపు ఆకుల వైపునుండి త్రిప్పు మర యుండును. దానిని తగులువరకు బిగించి, తగులుట మానువరకు వెనుకకు త్రిప్పుడు. వెలుపలి ప్యాడును తీగ బిగువుతో సరిచేయుడు. ఇచ్చట ఒక గొప్ప పొరపాటు జరుగుచుండును. చప్పుడు పోవుటకై తీగను బాగుగ వదులు చేయుదురు. చప్పుడు పోవును, లీవరు హ్యాండిలుకు తగులువరకు నొక్కినను బ్రేకు మాత్రము పట్టదు. ఇది నా నూనె వైద్యమునకు తోబుట్టువు.

మూడవది పిస్టనుల సంగతి. ద్రవపు బ్రేకులో ప్యాడును నెట్టునది పిస్టను. దాని చుట్టు ఒక రబ్బరు వలయము కలదు. లీవరు నొక్కినపుడు పిస్టను ముందుకు పోవుచు ఆ రబ్బరును వంచును. విడిచినపుడు, వంచిన బెత్తము నిలిచినట్లు, రబ్బరు తన రూపునకు వచ్చుచు పిస్టనును వెనుకకు లాగును. మనము చెప్పుకొన్న ఆ సన్నని ఖాళీ ఇచ్చునది ఈ చిన్న రబ్బరు ముక్కయే. ప్యాడు అరిగినకొలది పిస్టను రబ్బరులో కొంచెము ముందుకు జారి క్రొత్త చోట నిలుచును. కావుననే ఈ బ్రేకు తన్ను తాను సరిచేసికొనును. పిస్టనుపై దుమ్ము చేరినచో అది పట్టుకొనిపోవును. ఒకటి కదలును, రెండవది మొరాయించును. అప్పుడు కాలిపరును ఎన్నిసార్లు నడిమికి తెచ్చినను ఫలము నిలువదు.

దీనికి చక్రమును, ప్యాడ్లను తీసి, మెత్తని బట్టతోను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతోను పిస్టనుల చుట్టు తుడిచి, టైరు తీయు ప్లాస్టిక్కు బద్దతో మెల్లగా లోనికి నెట్టవలెను. స్క్రూడ్రైవరు వాడినచో పిస్టను బీటవారవచ్చును. కదలికకు తడి కావలసినచో ఆ బ్రేకులో పోయు ద్రవమే ఒక్క చుక్క, పిస్టను అంచున మాత్రమే వేసి, మిగిలినది తుడిచివేయవలెను. వేరొక నూనె పనికిరాదు. ఆ ద్రవములు రెండు జాతులు. కొన్ని బ్రేకులకు మినరల్ ఆయిల్, కొన్నిటికి డాట్ అను ద్రవము. ఒకదాని చోట మరియొకటి పోసినచో లోపలి రబ్బరులు చెడును. డాట్ ద్రవము సైకిలు రంగును సైతము తినివేయును. ఏది పోయవలెనో లీవరు మీద సాధారణముగా వ్రాసియుండును.

ఇంకొక మాట. చక్రము తీసియున్నపుడు లీవరు నొక్కరాదు. నడుమ డిస్కు లేదు గనుక ప్యాడ్లు దగ్గరకు వచ్చి నిలిచిపోవును. చక్రము మరల ఎక్కదు, ఎక్కినను రాచుకొనును. ఇంట చిన్నపిల్లలున్నచో ప్యాడ్ల నడుమ మడిచిన అట్టముక్క యొకటి దూర్చి యుంచుట మంచిది.

నాలుగవది వంకర డిస్కు. సైకిలును రైలులో పంపినపుడో, డిస్కు ప్రక్కన పడవేసినపుడో ఇది వంగును. చల్లారిన పిదపనే చూడవలెను. వేడికి తాత్కాలికముగ వంగి తానే సరియగుటయు కలదు. తగులు చోటును టైరుపై గుర్తు పెట్టుడు, డిస్కుపై కాదు. శుభ్రమైన బట్టతోగాని, దీనికై అమ్ము చీలిక గల ఇనుప పనిముట్టుతోగాని అచ్చట పట్టి, వంగిన దిక్కునకు ఎదురుగ మిక్కిలి కొంచెము నెట్టి, విడిచి, త్రిప్పి చూడుడు. కోపముతో చేయు పని కాదు. మడత పడినదైనచో మార్చుటయే మంచిది. మందము సైతము చూడుడు. చాల డిస్కులు క్రొత్తవి 1.8 మిల్లీమీటర్లు, 1.5 కు అరిగినచో వాని ఆయువు తీరినట్లే. ఆ హద్దు తరచుగా డిస్కు మీదనే చెక్కియుండును. ప్యాడులోని రాపిడి పదార్థము అరమిల్లీమీటరుకు దిగినచో దానిని కూడ మార్చవలెను.

ఇక నా వలె ఎవరైనను నూనె పోసియున్నచో? డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రమైన గుడ్డ మార్చి మార్చి తుడువుడు. నూనె పీల్చిన ప్యాడ్లను పారవేయుడు. వానిని కాల్చియు గీకియు బాగుచేయుదమని లోభపడరాదు. రెండు ప్యాడ్ల ఖరీదు ఎముకల డాక్టరు ఒక్కసారి చూచుటకు పుచ్చుకొను రుసుమునకు మించదు. ఈ లెక్క నేను స్వయముగ వేసికొంటిని.

క్రొత్త ప్యాడ్లు వేసిన వెంటనే కొండ దిగరాదు. సమతలమున కొంచెము వేగము తెచ్చుకొని, చక్రము పూర్తిగా ఆగనీయక నెమ్మదించునంతవరకు బ్రేకు వేయుచు, పది ఇరువది మారులు చేసినచో ప్యాడు పదార్థము డిస్కుపై సమముగ అంటి పట్టు వచ్చును. అంతకుముందే ఏ మరమ్మతు తరువాతనైనను ఒక పరీక్ష తప్పక చేయవలెను. సైకిలు ప్రక్కన నిలిచి, ముందు బ్రేకు నొక్కి, ముందునకు నెట్టుడు. వెనుక చక్రము లేవవలెను గాని ముందు చక్రము తిరుగరాదు. ఆ శనివారము సాయంకాలము నేనీ పరీక్ష చేసియున్నచో, నూనె పోసిన తరువాతనైనను, పిల్ల పడియుండెడిది కాదు. చక్రము నిశ్శబ్దముగ తిరుగుచున్నదని మాత్రము చూచితిని. ఆగుచున్నదా యని చూడలేదు.

లీవరు స్పంజివలె మెత్తగా దిగినచో లోపల గాలి చేరినదని అర్థము. గొట్టమువద్ద ద్రవము కారుచున్నచో, పిస్టను ఎంతకును కదలనిచో, అవి ఇంటి వైద్యమునకు లొంగునవి కావు. తెలిసిన మెకానిక్కువద్దకు పోవలెను. అచ్చటను ఒక మాట జ్ఞాపకముంచుకొనుడు. చక్రము కూర్చుండుటయైనను చూడకుండ “డిస్కు సెట్టంతయు మార్చవలె” నని చెప్పిన దుకాణమునకు నేనును ఒకమారు పోయితిని. ముందు చక్రము చూడుమని చెప్పగల తెలివి మనకు ఉండవలెను.

సోదరులారా! మా తాతగారి కందెన తప్పు కాదు. తిరుగవలసిన చోటికి కందెన కావలెను. ఆపవలసిన చోటికి రాపిడి కావలెను. ఒకే చక్రములో ఇరుసు మొదటిది, డిస్కు రెండవది. రెంటికిని నడుమ జానెడు దూరమైనను లేదు. ఆయన ఇరుసు కీచుమన్నపుడు కూడ బండి ఆపి, చీల తీసి, లోపల చూచి, పిదపనే పూసెడివారు. నేను ఆ గొట్టమును మాత్రము జ్ఞాపకముంచుకొంటిని. ఆయన వంగి చూచుటను మరచితిని.

మా అమ్మాయి ఇప్పుడు వేరొక ఊర హాస్టలులో నుండి చదువుకొనుచున్నది. సైకిలు కూడ వెంట తీసికొనిపోయినది. గత నెల ఫోనులో, “నాన్నా, మా స్నేహితురాలి బ్రేకు రాసుకుంటోందంటే ముందు చక్రం వదులు చేసి కూర్చోబెట్టాను, పోయింది” అని చెప్పినది. తరువాత నవ్వి, “నూనె అడిగింది, ఇవ్వలేదు” అన్నది. మా యింట ఆ నూనె సీసా ఇప్పటికిని కలదు. చేతి పట్టీ విప్పిన నాడు ఆమె దానిపై ఒక చీటీ అంటించినది: “కుట్టుమిషనుకు మాత్రమే.” నేనా చీటీని తీయలేదు.

రేపు ఆదివారము. ఉదయము ఎనిమిది గంటలకు మన క్వార్టర్ల ఆవరణలో అలెన్ కీలతోను, ఒక తెల్ల కాగితముతోను, శుభ్రమైన గుడ్డలతోను కూర్చుండియుందును. రాచుకొను సైకిళ్ళున్నవారు పిల్లలతో సహా తీసికొనిరండు. పని పిల్లల చేతనే చేయింతము. లీవరు నొక్కి పట్టుట పెద్దల వంతు. నూనె సీసాలు మాత్రము తేవలదు.